బోర్లించిన గ్లాసులు

కాసియన్‌కి ముందు ఆ కాగితం రంగే నచ్చలేదు. గులాబి రంగు. మంచు మీదికి మనుషుల్ని తీసుకెళ్ళే కాగితం గులాబి రంగులో ఉండటం అరవై తొమ్మిదేళ్ళలో అతను ఎన్నడూ చూడలేదు. పైన నాలుగు దేశాల జెండాలు, కింద నాలుగు కొండల బొమ్మలు. నాలుగు కొండలూ ఒక్కలాగే ఉన్నాయి, ఎవరో ఐస్‌క్రీం గరిటెతో తీసి పెట్టినట్టు.

కాగితాన్ని వేలి కొనతో అవతలికి తోశాడు.

"చదవవేం బాబాయ్?" అంది ఆఫ్రా.

"చూశాను."

"చూడటం కాదు. చదువు."

"నువ్వు చదువు. వింటాను."

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక గైడ్లందరూ వెండెలిన్ సత్రంలో పొయ్యి పక్కన ఉన్న బల్ల చుట్టూ చేరడం హింటర్‌కార్ ఊళ్ళో మామూలే. ఆ బల్ల గైడ్లది. వేరేవాళ్ళు దాని దగ్గర కూర్చోరు. ఎవరు ఎవర్ని ఏ కొండకి తీసుకెళ్తారన్నది అక్కడే తేలాలి. ఆ రోజు నలుగురు గైడ్లున్నారు. కాసియన్, ఆఫ్రా, సత్రం యజమాని వెండెలిన్, చెవులు సరిగా వినపడని ఎగిడ్. బల్ల చివర ముక్కాలిపీట వేసుకుని ఐదో మనిషి కూర్చున్నాడు. పేరు హోల్గర్. హాంబర్గ్ నుంచి వచ్చాడు. ఓడరేవు గట్టు కంటే ఎత్తయింది ఏదీ లేని ఊరు.

ఆఫ్రా కాసియన్‌కి అన్న కూతురు. ఇరవై ఏడేళ్ళు. అన్న జబ్బు చేసి పోయాక ఆ పిల్లకి మంచు మీద నడక నేర్పింది కాసియనే. గైడు పరీక్ష నెగ్గి మూడేళ్ళయింది. ఆ లోయలో నెగ్గిన మొదటి ఆడపిల్ల. నెగ్గి ఏం లాభం, మూడేళ్ళూ ఆమెకి దొరికింది బడిపిల్లల బృందాలు, మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలు. పెద్ద కొండకి పోయే అతిథులు ఆమెను చూసి, "ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగేవారు. ఇప్పుడు ఈ హోల్గర్ వచ్చి, మా కంపెనీవాళ్ళు ఎనిమిది మంది ఉన్నారు, నాలుగు రోజుల్లో నాలుగు దేశాల్లో స్కీ చేయాలి, నడిపించేది నువ్వే అన్నాడు. బాగా జరిగితే ఏటా పంపిస్తానన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి ఆఫ్రా కాళ్ళు నేల మీద నిలవడం లేదు. ప్రయాణం మార్చి నెల మధ్యలో. ఇంకా పదహారు రోజులుంది.

ఆ బల్లకి ఒక పద్ధతి ఉంది. వెండెలిన్ తాత కాలంనుంచీ ఉంది. ఎవరైనా గైడు ఊరి గైడ్ల పేరు మీద కొత్త ప్రయాణం పెట్టుకుంటే, ఒక్కొక్క రోజు దారినీ బల్ల దగ్గర చదివి వినిపించాలి. ఒక్కొక్క రోజుకీ ప్రతి గైడు ముందూ బొటనవేలంత గ్లాసు పెడతారు. సరే అనుకున్నవాడు గ్లాసు నిలబెట్టి ఉంచుతాడు. వెండెలిన్ అందులో అడవి వేళ్ళతో కాచిన వేరుసారా పోస్తాడు. తాగితే ఒప్పుకున్నట్టు, పిలిస్తే తోడొస్తానని మాటిచ్చినట్టు కూడా. కాదనుకున్నవాడు గ్లాసు బోర్లిస్తాడు. ఒక్క గ్లాసు బోర్లిస్తే చాలు, ఆ రోజు దారి లేదు. ఎందుకని ఎవరూ అడగరు. కొండ తెలిసినవాడికి ఒక్కోసారి ఎందుకో చెప్పడం చేతకాదు. అడిగితే నోరు పెగలక ఊరుకుంటాడు, ఊరుకుంటే మనుషులు పోతారు. అందుకే అడగకూడదన్నారు.

ఆఫ్రా గొంతు సవరించుకుంది.

"మొదటి రోజు ఫ్రాన్సు. పొద్దున్న విమానం దిగుతారు. అక్కణ్ణుంచి వ్యానులో రెండు గంటలు. మధ్యాహ్నం రెండునుంచి నాలుగు దాకా స్కీ. నాలుగున్నరకి వేడినీళ్ళ తొట్టి."

"ఏ తొట్టి?" అన్నాడు ఎగిడ్, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"వేడినీళ్ళది తాతా."

"అదే అసలు విషయం," అని హోల్గర్ ముందుకు వంగాడు. పళ్ళు తెల్లగా, ఒక్క వరసలో ఉన్నాయి. "తొట్టి ఆరుబయట ఉంటుంది. చుట్టూ మంచు. ఎనిమిది మందీ ఒకే తొట్టిలో. చేతిలో ద్రాక్షసారా. పైనుంచి ఫోటో."

"ఎనిమిది మంది ఒకే నీళ్ళలోనా?" అన్నాడు ఎగిడ్. "పందిని కోశాక బొచ్చు ఊడటానికి మేమూ అలాగే నానబెడతాం."

వెండెలిన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. హోల్గర్ కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. కాసియన్ నవ్వలేదు. స్కీ బూట్లలో పొద్దంతా ఉడికిన పాదాలు పదహారు, ఒకే గోరువెచ్చని నీళ్ళలో కదులుతున్నట్టు అతని కళ్ళకి కట్టింది. ఆ నీళ్ళ మీద తేలే నురుగు కూడా కనిపించింది. గొంతులోకి ఏదో పుల్లగా ఎగదన్నింది.

గ్లాసు బోర్లించాడు.

ఆఫ్రా చూసింది. ఏమీ అనలేదు. అడగకూడదు గదా. వెండెలిన్ సీసా పట్టుకుని మిగతా మూడు గ్లాసుల్లో పోసి, తాగండని కళ్ళతో చెప్పాడు.

"రెండో రోజు," అంది ఆఫ్రా. "స్విట్జర్లాండ్. పొద్దున్న ఆరింటికి బయల్దేరి కనుమ దాటి..."

"ఏ కనుమ?" అన్నాడు వెండెలిన్.

హోల్గర్ కంప్యూటర్ అటు తిప్పి చూపించాడు. నీలం గీత కొండల మధ్య మెలికలు తిరుగుతూ పోయింది.

"ఓరి నాయనో. దాన్ని మే నెలాఖరుకి గాని తెరవరు. అక్టోబరులో గేటు వేసి తాళం పెడతారు. మీ వ్యానుకి రెక్కలున్నాయా?"

"ఫోను కూడా నాలుగు గంటలనే చూపిస్తోందండీ."

"ఫోనుకేం, చలెయ్యదు."

ఆఫ్రా ముఖం ఎర్రబడింది. అది చూసి కాసియన్‌కి మనసులో ఒక పక్క జాలి, ఒక పక్క కోపం. ఈ పిల్లకి కనుమ మూసి ఉంటుందని తెలియక కాదు. ఈ తెల్లపళ్ళవాడు గీసిన గీతను తిరిగి చూసుకోలేదు, అంతే. కొండ పిల్ల కొండను మర్చిపోయి వాడి గీత చూసింది.

"సొరంగం ఉంది," అంది ఆఫ్రా గబగబా. "వ్యాన్లని రైలెక్కించి దాటిస్తారు. ఒక గంట ఎక్కువ పడుతుంది. సర్దుకుంటాం. పదకొండుకల్లా చేరతాం. అక్కణ్ణుంచి హెలికాప్టరు."

"ఎక్కడికి?" అన్నాడు వెండెలిన్.

"శిఖరం పైకి. అక్కడ నాటిన శిలువ దగ్గర దించుతారు. ఇరవై నిముషాలుంటాం. తర్వాత స్కీ మీద కిందికి."

"శిలువ దగ్గర అందరూ చేతులు కలుపుకుంటారు," అన్నాడు హోల్గర్. "కొండ ఎక్కినవాళ్ళు పైన చేతులు కలుపుకుంటారట గదా, ఆఫ్రా చెప్పింది. నాకు కన్నీళ్ళొచ్చాయంటే నమ్మండి. అది వీడియో తీస్తాం. ఒకసారి సరిగా రాకపోతే మళ్ళీ కలుపుకుంటారు."

కాసియన్ తన చేతుల్ని చూసుకున్నాడు. కుడిచేతి రెండు వేళ్ళ కొనలు లేవు, ఎప్పుడో మంచు కొరికేసింది. ఆ చేత్తో అతను పైన ఎందరి చేతులో పట్టుకున్నాడు. ఆరు గంటలు ఎక్కి, నోట మాట రాక, వణికే చెయ్యి చాస్తే అవతలివాడూ అలాగే చాస్తాడు. జీవితంలో ఒక్కసారి పట్టుకున్న చేతులు. వాళ్ళ ముఖాలు మర్చిపోయాడు, చేతులు మర్చిపోలేదు. అది ఈ పిల్లకి తనే చెప్పాడు. ఆమె వీడికి చెప్పింది. వీడు దాన్ని హెలికాప్టరు దిగి, పర్ఫ్యూం కొట్టుకున్న చేతులతో, రెండుసార్లు చేయిస్తాడట.

ఛీ.

గ్లాసు బోర్లించాడు. ఈసారి టక్‌మని చప్పుడైంది.

"అప్పుడే రెండు," అన్నాడు వెండెలిన్.

"లెక్క నీకెందుకు? పొయ్యి," అన్నాడు కాసియన్.

"ఎవరికి పొయ్యను? నీ గ్లాసు కింద పొయ్యనా?"

ఎగిడ్ రెండో గ్లాసు తాగేసి మీసం తుడుచుకున్నాడు. హోల్గర్ బోర్లించిన గ్లాసుల్ని చూశాడు, ఆఫ్రాను చూశాడు.

"ఇది ఏదన్నా ఆటా?" అన్నాడు.

"ఆట కాదు," అంది ఆఫ్రా. "తర్వాత చెప్తాను. మూడో రోజు ఇటలీ."

మూడో రోజు గురించి ఆమె తొందర తొందరగా చదివింది. కాసియన్ అంతా విన్నాడు. ఆ చోటు అతనికి తెలుసు. పేరు వేరైతే ఏం, అలాంటివి అన్నీ ఒక్కటే. ఈ ఏడు అక్కడ మంచు పడలేదు. ఎండిపోయిన గోధుమరంగు గడ్డి మీద యంత్రం చల్లిన తెల్లపట్టీ ఒకటి పైనుంచి కిందిదాకా ఉంటుంది, పుండుకి కట్టు కట్టినట్టు. దాని మీద రెండుసార్లు జారి, మధ్యాహ్నం ఒంటిగంటకి భోజనానికి కూర్చుంటే నాలుగింటికి లేస్తారు. ఆ తర్వాత గుడారంలో పాటలు. బూట్లతోనే బల్లలెక్కి గంతులు. పదేళ్ళ కిందట అలాంటి చోటికి ఒకసారి వెళ్ళవలసివచ్చింది. వ్యాను కోసం బయట నిలబడి ఉంటే, పొట్టేలు కొమ్ముల టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకడు గుడారంలోంచి తూలుతూ వచ్చి మంచులో కక్కాడు. ఎవరిదో బొచ్చుకుక్క వచ్చి ఆ కక్కును తీరిగ్గా నాకింది. దాని యజమానురాలు ఆ కుక్కను ఎత్తుకుని మూతి మీద ముద్దు పెట్టుకుంది. ఆ రోజంతా కాసియన్ ఏమీ తినలేదు.

"గుడారం ఏడింటిదాకా," అని ముగించింది ఆఫ్రా.

గ్లాసు బోర్లించాడు.

పొయ్యిలో కట్టె ఒకటి చిటపటమంది. వెండెలిన్ సీసా బల్ల మీద పెట్టి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకున్నాడు.

"ఒరేయ్ కాసియన్. ఒక మాటంటాను, కోపం తెచ్చుకోకు."

"అనకు."

"అంటాను. నా బల్ల, నా సారా. పోయిన చలికాలం కాగడాల ఊరేగింపుకి గ్లాసు బోర్లించావు. సరే. కొండమీద పెళ్ళికి బోర్లించావు. సరే. పెరుగు డబ్బాల ప్రకటన ఇక్కడ తీస్తామంటే బోర్లించావు. ఏ మంచు ఏ పెరుగు మీద పడిందిరా? మా తాత ఈ పద్ధతి పెట్టింది మంచుకీ రాళ్ళకీ. నీ మూతి విరుపులకి కాదు."

"కారణం అడక్కూడదు," అన్నాడు కాసియన్.

"అడగడం లేదు. తెలుసు గనక చెప్తున్నాను. నీకు రోత పుట్టింది, బోర్లించావు. అంతేనా?"

అబద్ధం చెప్పడం కాసియన్‌కి రాదు. నిజం చెప్పాలంటే నోరు తెరవాలి.

ఎగిడ్ తల పైకెత్తాడు. వినపడిందో లేదో గాని, "ఎప్పుడు పడితే అప్పుడు మొరిగితే కాపలా కుక్కని ఎవరు నమ్ముతారు?" అన్నాడు తనలో తను.

ఆఫ్రా గులాబి కాగితాన్ని మడిచింది.

"నేనొకటి చెప్పనా బాబాయ్? నీకు ఈ ప్రయాణం నచ్చదని నాకు ముందే తెలుసు. నాకు మాత్రం నచ్చిందా? ఆ తొట్టి పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడేది నేనే. పెద్ద కొండకి నన్ను పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. నీకు ఒకప్పుడు అతిథులే వచ్చి చెయ్యి పట్టుకున్నారు. నువ్వు మూతి విరిచినా వచ్చారు. నేను మూతి విరిస్తే రేపటినుంచి మళ్ళీ ముసలమ్మలే."

"ముసలమ్మలకేం తక్కువ?"

"తక్కువని అన్లేదు. నేనంటున్నది వేరు. మూడు గ్లాసులు బోర్లించి మూడు రోజులూ చంపేశావు. మిగిలింది నాలుగోది, మన దేశం, మన ఊరు. అది కూడా బోర్లిస్తావని తెలుసు. అందుకే ఇప్పుడే చెప్తున్నాను. ఈ ప్రయాణానికి బల్ల పేరు అక్కర్లేదు. నా సొంత పేరు మీద తీసుకెళ్తాను. అప్పుడు ఎవరి గ్లాసూ నన్ను ఆపదు."

బల్లనుంచి పేరు తీసేసుకున్న గైడు ఆ లోయలో ఇంతవరకూ లేడు.

"చదువు నాలుగోది," అన్నాడు కాసియన్.

"ఎందుకు?"

"చదువు."

ఆఫ్రా కాగితం విప్పకుండానే చెప్పింది. "కాకుల గాడి. మధ్యాహ్నం మూడింటికి."

కాసియన్ వెన్ను నిటారైంది.

కాకుల గాడి ఊరికి ఉత్తరాన కొండ ముఖంలో నిలువునా దిగిన గాడి. గోడలు నల్లగా ఉంటాయి. పొద్దున్నుంచీ నీడ. మధ్యాహ్నం రెండున్నర దాటాకే ఎండ పై అంచును తాకుతుంది.

"మూడింటికి ఎందుకంటే వెలుతురు," అన్నాడు హోల్గర్. "పై అంచు బంగారంలా మెరుస్తుంది, కింద నీలం నీడ. ఎనిమిది మంది ఒకళ్ళ వెనక ఒకళ్ళు దిగుతుంటే కిందనుంచి తీస్తాం. ప్రయాణం మొత్తానికి అదే చివరి ఫోటో. ముందరి మూడు రోజులు దానికోసమే అనుకోండి."

కాసియన్ నాలుగో గ్లాసు బోర్లించాడు.

ఆఫ్రా నవ్వింది. ఏడుపులాంటి నవ్వు. "చెప్పానా?" అంది వెండెలిన్‌తో. లేచి, కోటు అందుకుంది. "పదండి హోల్గర్. మనం వేరే చోట మాట్లాడుకుందాం."

కాసియన్ బల్ల అంచు పట్టుకున్నాడు. మాటలు అతనికి ఎప్పుడూ ఒక్కొక్కటిగా వస్తాయి, వచ్చేలోగా మనుషులు వెళ్ళిపోతుంటారు. ఈ పిల్ల తలుపు దాకా వెళ్ళింది. తలుపు దాటితే ఆమె ఏ బల్లకీ చెందదు. ప్రయాణం నాలుగో రోజు మధ్యాహ్నం మూడింటికి ఆ గాడి అంచు మీద మొదట నిలబడేది ఆమె.

"మూడూ రోతే," అన్నాడు.

ఆఫ్రా ఆగింది.

"ఏమన్నావు?"

"ఆ మూడూ రోత. కడుపులో తిప్పింది, బోర్లించాను. ఇది అది కాదు. ఇది మంచు."

"ఎలా తెలుసు?"

"మంగళవారం వెళ్ళాను."

"ఒంటరిగానా?" ఆమె గొంతు మారింది. "గాడి దగ్గరికా?"

"అంచు దాకా. తవ్వి చూశాను. పైన గట్టి పెళ్ళ, జానెడు. దాని కింద మోకాలు లోతున గుల్ల. ఉప్పురవ్వ లాగా. చేత్తో పట్టుకుంటే ఉండ కాదు, వేళ్ళలోంచి జారిపోతుంది." కాసియన్ గాలిలో పిడికిలి పట్టి విప్పి చూపించాడు. "వెనక్కి తిరిగాను. రెండడుగులేశాను. భుమ్ అంది."

ఎగిడ్‌కి ఆ ఒక్క మాటా వినపడింది. "కూలబడిందా?" అన్నాడు.

"కూలబడింది. నా కాళ్ళ కింద బెత్తెడు. పది బారలు అవతల పగులు కనిపించింది."

హోల్గర్ అటూ ఇటూ చూశాడు. "భుమ్ అంటే?"

"కొండ పొట్టలో ఖాళీ ఉందని," అన్నాడు వెండెలిన్. అతని ముఖంలో నవ్వు పోయింది. "పైన బరువు పడితే ఆ ఖాళీ మీద పెళ్ళంతా ఒక్కసారి జారుతుంది. గాడిలో పక్కకి పారిపోయే చోటు లేదు బాబూ. గొంతులో ముద్ద పడ్డట్టే."

ఆఫ్రా తలుపు దగ్గరే నిలబడింది. "ఇంకా పదహారు రోజుల పైనే ఉంది. మంచు మారుతుంది. ఆ రోజు పొద్దున్న చూసి, బాగోకపోతే వద్దంటాను. అంతే గదా?"

"అనవు."

"అంటాను."

"అనలేవు. మూడు రోజులు వీళ్ళని వ్యానులో తిప్పి, తొట్టిలో ముంచి, శిఖరం మీద దించి, ఇదంతా చివరి ఫోటో కోసమేనని చెప్పి తీసుకొస్తావు. మూడింటికి ఎండొస్తుంది. కింద కెమెరా ఎదురుచూస్తుంది. ఎనిమిది మంది నీ ముఖం చూస్తారు. అప్పుడు వద్దంటావా? నేనే అనలేకపోయేవాణ్ణి."

అది అతను ఆ చలికాలంలో మాట్లాడిన అన్ని మాటలకంటే ఎక్కువ.

ఆఫ్రా మెల్లగా వెనక్కి వచ్చింది. బల్ల మీద వరసగా బోర్లించి ఉన్న నాలుగు గ్లాసుల్ని చూసింది.

"మంగళవారం చూసి ఆదివారం దాకా ఎందుకు చెప్పలేదు?"

"అడగలేదు."

"అడగలేదా! బాబాయ్, తొట్టికి బోర్లించిన చేత్తోనే దీనికీ బోర్లించావు. అదే చెయ్యి, అదే చప్పుడు. ఏది నీ కడుపో, ఏది కొండో నాకెలా తెలుస్తుంది చెప్పు? ఇంకో నిముషమైతే వెళ్ళిపోయేదాన్ని."

మొదటిసారి కాసియన్‌కి తన మీద తనకే రోత పుట్టింది. తొట్టి మీద పుట్టిన రోత కంటే అది చేదుగా ఉంది. కాగడాలు, పెళ్ళి, పెరుగు డబ్బాలు, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. అప్పుడు ఎంత హాయిగా ఉండేది! గ్లాసు టక్‌మని బోర్లించి, మీసం దువ్వుకుని కూర్చునేవాడు. ఒక్కొక్క టక్కుకీ ఆ గ్లాసు విలువ కొంచెం కొంచెం అరిగిపోయింది. అరగదీసింది తనే.

మొదటి గ్లాసు పట్టుకుని నిలబెట్టాడు.

"పొయ్యి," అన్నాడు వెండెలిన్‌తో.

"ఒరేయ్, తాగితే మాటిచ్చినట్టే. పిలిస్తే వెళ్ళాలి."

"నాకు చెప్తావా? పొయ్యి."

వెండెలిన్ పోశాడు. వేరుసారా ఎప్పుడూ మట్టి వాసన వేస్తుంది, అడవిలో వాన పడ్డాక వేళ్ళు పెకలించినట్టు. కాసియన్‌కి అది ప్రాణం. ఈసారి గొంతులోకి దిగుతుంటే పదహారు పాదాలు కదిలే గోరువెచ్చని నీళ్ళు గుర్తొచ్చాయి. కళ్ళు మూసుకుని మింగాడు.

రెండోది నిలబెట్టాడు. హెలికాప్టరు, శిలువ, రెండుసార్లు కలిపే చేతులు. మింగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మూడోది నిలబెట్టడానికి కొంచెం ఆలస్యమైంది. ఆ బొచ్చుకుక్క మూతి వదలడం లేదు. ఎగిడ్ అతని మోకాలి మీద చెయ్యి వేసి, "ముక్కు మూసుకో," అన్నాడు. ముక్కు మూసుకుని తాగేశాడు.

నాలుగోది మాత్రం ముట్టుకోలేదు. అది అలాగే ఉంది.

అందరూ ఆఫ్రా వైపు చూశారు. ఆమె నాలుగో గ్లాసు ఆమె ముందు నిలబెట్టే ఉంది, ఇంకా ఖాళీగా. కాకుల గాడిలో దిగిన ఆడగైడు ఇంతవరకూ లేదు. ఆ ఫోటో ఒక్కటి చాలు, "ఇంకెవరైనా ఉన్నారా" అని మళ్ళీ ఎవరూ అడగరు. అది బల్ల దగ్గరున్న అందరికీ తెలుసు.

చప్పుడు చెయ్యకుండా గ్లాసు బోర్లించింది.

కాసియన్ ఊపిరి వదిలాడు.

"అంటే నాలుగో రోజు ఏమీ లేదా?" అన్నాడు హోల్గర్. పళ్ళు ఇప్పుడు కనపడటం లేదు. "మావాళ్ళకి ఏం చెప్పమంటారు? చివరి రోజు లేదనా? అయితే మొత్తం వద్దంటారు."

"కాదన్నవాడే ఇంకోటి చెప్పాలి," అంది ఆఫ్రా కాసియన్ వైపు చూడకుండా. "చెప్పు బాబాయ్. నువ్వే పెట్టు నాలుగో రోజు."

"కట్టెలు దించే దారి," అన్నాడు కాసియన్.

"అక్కడేముంది?" అన్నాడు హోల్గర్.

"చెట్లు."

"ఇంకా?"

"ఇంకేం లేవు. పొద్దున్న తొమ్మిదికి వెళ్ళాలి. పది దాటితే మంచు మెత్తబడుతుంది."

హోల్గర్ కంప్యూటర్ మూసేయబోయాడు. వెండెలిన్ అతని భుజం పట్టుకున్నాడు.

"అయ్యో, మీకు విడమరిచి చెప్పలేదు. అది మామూలు దారి కాదండీ. రెండువందల ఏళ్ళ దారి. రాజుగారి వేటబంగళాకి దుంగలు దించిన దారి. బయటివాళ్ళకి ఎవరికీ చూపించం. ఈ లోయలో దాన్ని పూర్తిగా తెలిసినవాడు ఒక్కడే మిగిలాడు, అదిగో, ఆయన. ఆయన నోరు తెరవడు. ఆయన తీసుకెళ్తానన్నాడంటే మీ అదృష్టం."

ఏ రాజూ ఎప్పుడూ ఆ దారిన రాలేదు. అది ఊళ్ళో ప్రతి ఆవుకీ తెలిసిన దారి. కాసియన్ నోరు తెరవబోయాడు. బల్ల కింద వెండెలిన్ బూటు అతని పాదం మీద పడింది.

హోల్గర్ కాసియన్ ముఖాన్ని కొత్తగా చూశాడు. గడ్డం, ముక్కు మీద మచ్చ, వేళ్ళ కొనలు లేని చెయ్యి. తల పక్కకి వంచి, ఒక కన్ను మూసి చూశాడు, సంతలో గొర్రెను చూసినట్టు.

"ఆ చెయ్యి కూడా ఫోటోలో పడాలి," అన్నాడు. "చివరి రోజు అడవి. చివరి మనిషి. బావుంది. నాలుగు రోజులూ ఆయన ఉంటే మావాళ్ళు ఒప్పుకుంటారు. వీడియో మొత్తం ఆయన మీదే నడపొచ్చు. తొట్టి దగ్గర కూడా."

"తొట్టిలో దిగను," అన్నాడు కాసియన్.

"దిగక్కర్లేదు. పక్కన నిలబడితే చాలు."

బల్ల మీద బోర్లించడానికి గ్లాసు కోసం కాసియన్ చెయ్యి దానంతట అదే కదిలింది. కదిలిన చేతిని మరో చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నిలబడతాను," అన్నాడు.

హోల్గర్ ఫోను తీసుకుని హాంబర్గ్‌కి మాట్లాడటానికి బయటికి వెళ్ళాడు. కిటికీలోంచి అతను మంచులో అటూ ఇటూ నడుస్తూ చేతులు ఊపడం కనిపించింది. వెండెలిన్ భార్య రొట్టె ఉండల పులుసు తెచ్చి అందరి ముందూ పెట్టింది. ఎగిడ్ తినడం మొదలుపెట్టాడు. కాసియన్ చెంచా ముట్టుకోలేదు. మూడు గ్లాసుల సారా, మూడు రోజుల రోత, ఖాళీ కడుపులో కలిసి తిరుగుతున్నాయి. పైగా వ్యాను. గంటల తరబడి వంపుల్లో తిరిగే వ్యాను ఎక్కితే అతను కక్కకుండా ఎప్పుడూ దిగలేదు. ఆ సంగతి ఆఫ్రాకి తెలుసు.

ఆమె వంటింట్లోకి వెళ్ళి, దర్జీ టేపు ఒకటి అడిగి తెచ్చింది.

"లే," అంది.

"ఎందుకు?"

"కోటుకి కొలత. అందరికీ ఒకే రకం కోట్లు కుట్టిస్తున్నారు. గైడ్లకి కూడా. నారింజ రంగు, మెరుస్తుంది. వీపు మీద కంపెనీ పేరు."

"నాకు కోటుంది."

"మూడు తాగావు. లే."

లేచాడు. ఆఫ్రా టేపు అతని ఛాతీ చుట్టూ తిప్పి లాగింది. కోపం ఇంకా పోలేదు, లాగిన తీరులో తెలుస్తోంది. కొంచెం నొప్పి పుట్టింది, చేతులు పైకెత్తి నిలబడ్డాడు.

"ఊపిరి పీల్చు."

"పీల్చాను."

"ఇంకా. అక్కడ పైన దగ్గొస్తే కోటు పిగిలిపోతుంది."

పీల్చాడు. ఆమె గులాబి కాగితం వెనకవైపున అంకె రాసుకుంది. చెయ్యి పొడవు కొలిచింది, రాసుకుంది. రాస్తూనే, తల ఎత్తకుండా, "మంగళవారం ఒంటరిగా ఎందుకెళ్ళావు? నన్ను పిలిస్తే రానా?" అంది.

"పిలవాల్సింది," అన్నాడు.

ఆమె ఒక్క క్షణం పెన్సిలు ఆపి, మళ్ళీ రాసింది.

"టోపీ కూడా ఇస్తారట. తల కొలవాలి."

"టోపీ పెట్టుకోను. ఎలాంటి టోపీ?"

"పైన కుచ్చు ఉంటుంది."

"కుచ్చా?"

"కుచ్చే. మెరిసేది."

ఎగిడ్ పులుసు నోట్లో పెట్టుకుని నవ్వు ఆపుకోలేక దగ్గాడు. వెండెలిన్ గోడవైపు తిరిగాడు, వీపు ఊగుతోంది. కాసియన్ వాళ్ళిద్దర్నీ చంపేసేలా చూశాడు. ఆఫ్రా టేపు పట్టుకుని నిలబడి ఉంది, అతని భుజం దాకా వస్తుంది అంతే.

అతను తల వంచాడు.